మ్యూజియం కాగితాలూ, ఫసలీ 1331: నా అనుభవం

మొన్న సోమవారం మా మ్యూజియానికి 80జీ కాగితం (చందాలిచ్చేవాళ్ళకి ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చేది) మెయిల్లో వచ్చింది. కోపం పూర్తిగా చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. ఇంకో నెల ఆగితే అందరినీ క్షమించేసి రాస్తాను, అప్పుడు ఎవరికీ ఉపయోగపడదు.

పర్లాకిమిడిలో మాది ముత్తాత కట్టించిన మండువా ఇల్లు. తాటాకు గ్రంథాల కట్టలు, కొమ్ముతో చేసిన దువ్వెనలూ కొంగలూ (మా ఊరి కొమ్ముపని తెలిసిందే కదా), నౌపడా చిన్నరైలు కాలం నాటి లాంతరు ఒకటి, ఇంకా అటక నిండా సామాను. నాన్నగారు పోయాక అమ్మేద్దామని అందరూ అన్నారు. నేను మ్యూజియం చేద్దామన్నాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే: "ఇది గిడుగు రామమూర్తి గారి ఇల్లా?" కాదు. ఆయన 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు. మావాళ్ళు ఉండిపోయారు. నా తిప్పలన్నీ ఆ ఉండిపోవడంలోంచి వచ్చినవే.

మ్యూజియం కోసం ముందు సొసైటీ రిజిస్టర్ చెయ్యాలనుకున్నాను. దానికి 1860 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. అది ఒక పూట పని. బావమరిదినీ, ఇద్దరు ఒడియా మాస్టార్లనీ, బ్యాంకులో రిటైరైన ఒకాయన్నీ కలిపి పోగేశాను. అందరినీ ఇంటివాళ్ళనే పెట్టకండి, చూసేవాడికి అనుమానం వస్తుంది. నియమావళి కూడా నేనే రాసుకున్నాను. నమూనా కాగితం ఒకటి చేతిలో పెట్టి నాలుగు వేలు అడిగిన వకీలుగారికి నమస్కారం.

సొసైటీకి చిరునామా చూపించాలి. అందుకు ఇంటి యజమాని ఒప్పుకోలు పత్రం, దాంతోపాటు పట్టా కావాలి. పట్టా ఇంకా ముత్తాత పేరు మీదే ఉంది. అంటే ముందు మ్యుటేషన్, రికార్డులో పేరు మార్పించుకోవడం. అక్కడ పడ్డాను.

రికార్డులో ఆయన పేరు ఒడియాలో ఉంది. మన 'వెంకట' అక్కడ 'భెంకట' అయింది, ముందుండాల్సిన ఇంటిపేరు చివరికి వెళ్ళిపోయింది. నా ఆధార్లో ఇంకోలా ఉంది, వారసుల సర్టిఫికెట్లో మరోలా. రికార్డులో ఉన్నాయనా, సర్టిఫికెట్లో ఉన్నాయనా ఒకరేనని అఫిడవిట్ పెట్టాను. చాలదు, పాత కాగితం ఏదైనా తెమ్మన్నారు. ఇనప్పెట్టె వెతికితే జమీందారీ నాటి సిస్తు రసీదు దొరికింది. గోధుమరంగు తిరిగిన కాగితం, మడతల దగ్గర చిరుగులు, పక్కన ఎస్టేటు ముద్ర. తెలుగులో ముత్తాత పూర్తి పేరు, పైన 'ఫసలీ ౧౩౩౧'. సంబరంగా రెవిన్యూ ఆఫీసుకి పట్టుకెళ్ళాను.

ఆ సీట్లో కుర్రాడు, ముప్పై దాటి ఉండవు. తిప్పి తిప్పి చూశాడు. అక్షరాలు రాలేదు గానీ అంకెలు వచ్చాయి. ఒకటీ మూడూ తెలుగులోనూ ఒడియాలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి మరి. 1331 అని పైకి చదివాడు. తరవాత గదిలో అందరికీ వినపడేలా అన్నాడు: "చూడండి, ఈయన ఇల్లు ఏడువందల ఏళ్ళ నాటిదట. కోణార్క గుడికి తమ్ముడన్నమాట!" అందరూ నవ్వారు. టీ తెచ్చిన పిల్లాడు కూడా నవ్వాడు. నాకు అరవై దగ్గర పడుతోంది, ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణి. ఏం చెప్పాలో తోచలేదు. నిజం చెప్పాలంటే ఫసలీ అంటే ఏంటో నాకూ సరిగ్గా తెలీదు. "దొంగ కాగితం కాదు బాబూ" అన్నాను, ఆ మాటతోనే దొంగ కాగితంలా అయిపోయింది. "కాలి ఆసంతు" అన్నాడు. రేపు రమ్మని. ఆ రేపు ఐదు నెలలు నడిచింది.

చివరికి మా వీధి చివర రిటైరైన తెలుగు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఎనభై దాటినాయన. కళ్ళజోడు పైకి తోసి రసీదు చదివి నన్నే తిట్టారు. "ఏటి బాబూ, రెవిన్యూ ఆఫీసులో కూకున్నోడికి ఫసలీ తెలీదా? నీకూ తెలీదా? 590 కలుపు, ఇంగ్లీషు సంవత్సరం వచ్చేస్తాది." కలిపితే 1921. జూలైలో మొదలయ్యే పన్ను సంవత్సరం అది, కాబట్టి 1921-22. మద్రాసు రాజధానిలో శిస్తు లెక్కలన్నీ దాంట్లోనే ఉండేవి. ఆయనే ఒడియాలో అనువాదం చేసిచ్చారు, నోటరీ ముద్ర వేయించాను. జమీందారీలు తీసేసిన 1951 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక రికార్డు ప్రభుత్వానికి ఎలా మారిందో ఒక పేజీ జోడించాను. ఇది నా సొంత తెలివి, చెప్పుకుంటే తప్పేముంది. పెద్దసారు పది నిమిషాల్లో సంతకం పెట్టాడు. ఐదు నెలలు నేను చూసింది ఈ పది నిమిషాల కోసం.

పాత తెలుగు కాగితాలున్నవాళ్ళు కౌంటరుకి ఒరిజినల్ ఇవ్వకండి. జిరాక్సు, ఒడియా అనువాదం, ఫసలీని మార్చిన లెక్క, మూడూ ఒకే దారంతో కుట్టి ఇవ్వండి.

తరవాతివి తేలిక. సొసైటీ సర్టిఫికెట్, పాన్, దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్) నంబరు, ఆదాయపు పన్ను వాళ్ళకి దరఖాస్తు ఫారం 10ఏ (ఈ నంబర్లన్నీ 1961 చట్టం నాటివి). సంస్థకి పన్ను మినహాయింపునిచ్చే 12ఏ, దాంతోపాటు 80జీ తాత్కాలికంగా మూడేళ్ళకి ఇచ్చారు, పక్కా చేసుకోవడానికి గడువు తీరే ఆర్నెల్ల ముందు గానీ, పని మొదలైన ఆర్నెల్లలోపు గానీ, ఏది ముందైతే అప్పటికి ఫారం 10ఏబీ వెయ్యాలన్నారు. చందాలిచ్చినవాళ్ళ లెక్క ఏటా మే 31 లోపు ఫారం 10బీడీలో పెట్టమన్నారు. దానికి మా బ్యాంకు ఆయన ఉన్నాడు, నాకు బెంగ లేదు.

ఇంకో మాట. 1972 పురావస్తువుల చట్టం కింద చరిత్రకో సాహిత్యానికో విలువున్న, 75 ఏళ్ళు దాటిన రాతప్రతి కూడా పురావస్తువే, దేశం దాటించకూడదు. అమెరికా నుంచి వచ్చిన మా మేనల్లుడు ఒక తాటాకు కట్ట "గుర్తుగా" పట్టుకెళ్తానన్నాడు. చట్టం చూపించాను. అలిగి భోజనం చెయ్యలేదు. ఆ కట్టలకి నిమ్మగడ్డి నూనె రాసింది నేను, గుర్తు మాత్రం వాడికి కావాలా!

ఆదివారాలు తెరుస్తున్నాం. రసీదుని అద్దంలో పెట్టాను. మొన్న ఆదివారం ఆ సీటు కుర్రాడు పెళ్ళాంపిల్లలతో వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదో, పట్టనట్టు ఉన్నాడో తెలీదు. వాళ్ళ పాప అద్దానికి ముక్కు ఆనించి అంకెలు ఒక్కొక్కటే చదివింది. వాడు లాంతరు వైపు తిరిగి నిలబడ్డాడు. టికెట్ పెద్దవాళ్ళకి పది రూపాయలు, పిల్లలకి లేదు. ఇద్దరికీ కలిపి ఇరవై తీసుకుని రసీదు రాసిచ్చాను, తెలుగులో.