చార్లెస్టన్‌లో గుల్ల సున్నం

షార్లెట్ నుంచి కారులో మూడున్నర గంటలు. ఐ-77 హైవే దిగి ఐ-26 ఎక్కితే నేరుగా అమెరికా తూర్పు తీరాన, సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ సముద్రం దగ్గర తేలుతాం. పాత ఊళ్ళో కారు పెట్టడానికే రోజుకి 20 డాలర్లు పైన గుంజారు. మధ్యాహ్నం రొయ్యలూ గ్రిట్సూ అని ఒక్క ప్లేటుకి 26 డాలర్లు. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావే. కడుపు నిండింది కానీ ఆ ధరకి మనసొప్పలేదు. ఆ చిరాకులోనే నడక మొదలుపెట్టాం.

ఇక్కడి ఇళ్ళు వీధికి పక్కకి తిరిగి కూర్చుంటాయి. వెడల్పు ఒక్క గదే, పొడవంతా లోపలికి. పక్కన నిలువునా వసారా ఉంటుంది, దాన్ని పియాజా అంటారు. ఎక్కువగా దక్షిణం వైపో పడమర వైపో ఉంటుంది, గాలి కోసం. వీధి వైపు ఉన్న తలుపు తీస్తే వచ్చేది ఇల్లు కాదు, ఆ వసారా. "ఆరుబయటికి తలుపేంటండీ!" అంది మా ఆవిడ. మన అరుగు దారినపోయేవాళ్ళని పిలిచి కూర్చోబెట్టుకునేది. ఇక్కడి వాళ్ళు అదే అరుగుని వీధికి చాటుగా పెట్టుకున్నారు.

మీటింగ్ స్ట్రీట్‌లో ఫైర్‌ప్రూఫ్ బిల్డింగ్ చూశాం. దానికి నమూనా గీసింది రాబర్ట్ మిల్స్ అనే ఆర్కిటెక్ట్, 1781లో ఈ ఊళ్ళోనే పుట్టినవాడు. వాషింగ్టన్ మాన్యుమెంట్‌కి నమూనా గీసిందీ ఆయనే. మాటిమాటికీ తగలబడిపోయే ఊళ్ళో దస్తావేజులు భద్రంగా ఉండాలని ఇటుక కమానులు, రాతి మెట్లు, ఇనుప కిటికీలతో 1827కి పూర్తిచేశారు. 1886 ఆగస్టు 31న వచ్చిన భూకంపానికి ఊరు ఊరంతా బీటలు వారినా ఇది నిలబడింది. ఆ భూకంపం తర్వాత చాలా ఇళ్ళకి ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనుప కడ్డీలు దూర్చి బిగించారు. వాటి బిళ్ళలు గోడల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. నేను వాటినే లెక్కపెట్టుకుంటూ చర్చ్ స్ట్రీట్ పక్క సందులోకి తిరిగాను.

అక్కడ ఒక పెద్దాయన, అరవై పైబడే ఉంటాయి, మోకాళ్ళ మీద కూర్చుని ప్రహరీ గోడ ఇటుకల సందుల్లోంచి ఏదో గట్టిపదార్థం మెల్లగా గీకి తీస్తున్నాడు. పక్కన గమేళాలో తెల్లటి ముద్ద. దాని వాసనకి నా కాళ్ళు ఆగిపోయాయి. మా నాన్న తాపీ మేస్త్రి. ఆ వాసనలో పెరిగినవాణ్ణి.

"సున్నమా?" అని అడిగాను. ఆయన మొహం వెలిగింది. ఎవరో ఎప్పుడో ఈ గోడకి సిమెంటు పూశారట. పాత ఇటుక మెత్తన. గోడలో చేరిన తేమ సందుల్లోంచి బయటికి పోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తే తేమ ఇటుకలోంచే దారి వెతుక్కుంటుంది, దాంతోపాటు ఉప్పు వచ్చి ఇటుక మొహం పొరలుగా రాలిపోతుంది. ఇటుక కన్నా సందులో పెట్టేది ఎప్పుడూ మెత్తగా ఉండాలి అన్నాడు. గోడలో పాత సున్నం ఒక చోట చూపించాడు. అందులో గుల్లల ముక్కలు. ఆ రోజుల్లో ఆయిస్టర్ గుల్లలు కాల్చి సున్నం చేసుకునేవారట. మా వైపు గుల్ల సున్నం కూడా అంతే కదా!

మా తాతయ్య కట్టిన ఇంటికి డంగు సున్నమే. ఎద్దు తిరిగే గానుగలో ఆడించి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి పూసినది. 1994లో ఊళ్ళో అందరూ సిమెంటు చేయిస్తున్నారని నాన్న తన చేత్తో తనే ఆ గోడలకి సిమెంటు పూశాడు. నాలుగేళ్ళకి చౌడు పట్టి పెచ్చులూడటం మొదలైంది. ఇసుక సరిగా కడగలేదని తనని తనే తిట్టుకునేవాడు. మళ్ళీ పూశాడు, మళ్ళీ ఊడింది. చివరికి ఆ ఇల్లు పడగొట్టేశాం. ఇన్నేళ్ళూ మేము ఇసుకనే నిందించాం.

పెద్దాయన ఒక ఇటుక మీద నా వేలు పెట్టించాడు. పచ్చి ఇటుకని పట్టుకున్న మూడు వేళ్ళ అచ్చులు. నా వేళ్ళ కన్నా చాలా చిన్నవి. ఊరి చుట్టూ నదుల ఒడ్డున తోటల్లో ఈ ఇటుకలు చేసింది బానిసలు, వాళ్ళలో పిల్లలు కూడా ఉన్నారన్నాడు. మిల్స్ పేరు బోర్డు మీద ఉంది. ఈ పిల్లల పేరు ఎక్కడా లేదు. ఈ గోడ నిలబెట్టింది ఈ వేళ్ళు కూడా. నాకు చాలాసేపు మాట రాలేదు.

1989లో హ్యూగో తుఫాను తర్వాత ఇలాంటి పని తెలిసినవాళ్ళు దొరక్క ఊరు అవస్థ పడిందట. అందుకే ఇక్కడ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ది బిల్డింగ్ ఆర్ట్స్ అని పెట్టి గచ్చు, రాయి, వడ్రంగం, కమ్మరం నేర్పి డిగ్రీ ఇస్తున్నారు. తాపీ పనికి డిగ్రీ! మా నాన్న నన్ను ఆ పని దగ్గరికి కూడా రానివ్వలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకి, ఇండియాలో తెల్లవారుజాము దాటాక, నాన్నకి వీడియో కాల్ చేసి అంతా చెప్పాను. ఫొటోలు పెద్దవి చేసి చూశాడు. ఇసుక సంగతి చెప్పాక కాసేపు పలకలేదు.

"సున్నం ఎన్నాళ్ళు నానబెట్టాడో అడిగావా?" అన్నాడు.

అడగలేదు. ఆదివారం బయల్దేరే ముందు మళ్ళీ ఆ సందుకి వెళ్ళాను. పని లేదు, ఆయనా లేడు. కొత్తగా పూసిన మేర తడి గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. ఎండ పడి త్వరగా ఆరిపోకుండా నాన్న కూడా ఇలాగే కప్పేవాడు. ఫొటో తీసి పంపాను.