ఇంట్లోనే మలపరీక్ష: నేనెలా తేల్చుకున్నానంటే

50 దాటాక డాక్టర్‌గారు పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష మాట ఎత్తారు. నేరుగా కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం పెట్టి పేగు లోపల చూడటం) అయినా చేయించుకోవచ్చు, లేదంటే ఇంట్లోనే మలం నమూనా తీసి ల్యాబ్‌కి పంపే ఫిట్ పరీక్ష ఉందన్నారు. ఇంట్లో అయిపోయేదుంటే ఆ గొట్టం గోల ఎవరిక్కావాలి!

ఆయన మాత్రం కిట్ రాసేముందు ఆరా తీశారు. విరేచనంలో రక్తం పడుతోందా, ఊరికే బరువు తగ్గారా, అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చిందా అని. వీటిలో ఏదున్నా ఇంట్లో పరీక్షతో సరిపెట్టుకోకూడదట.

ఫిట్ పట్టేది క్యాన్సర్‌ని కాదు, మలంలో కంటికి కనబడని రక్తాన్ని. మొలలున్నా పాజిటివ్ రావచ్చు. రక్తం కారని పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) ఉంటే నెగటివ్ రావచ్చు. 2014లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఒక్కసారి చేసిన ఫిట్ పరీక్షకి క్యాన్సర్లలో దాదాపు 74 శాతం దొరికాయి. క్యాన్సర్‌గా మారే ముప్పు ఎక్కువున్న పాలిప్స్‌లో మాత్రం పావువంతు కూడా దొరకలేదు. అందుకే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చేయించమంటారు. పాలిప్ ముదరడానికి మామూలుగా ఏళ్లు పడుతుంది కాబట్టి, ఈసారి తప్పించుకున్నది వచ్చేసారి చిక్కొచ్చు.

ఇదంతా విని మా ఆవిడ ఒక్కటే అడిగింది. "పాజిటివ్ వస్తే కొలనోస్కోపీకి వెళ్తారా, ఇంకో కిట్ తెప్పించుకుని కూర్చుంటారా?"

నా సంగతి తనకు తెలుసు మరి. పాజిటివ్ వచ్చాక మళ్లీ ఫిట్ చేసి నెగటివ్ వచ్చినా, మొదటిది కొట్టేసినట్టు కాదు. కొలనోస్కోపీకి ముందురోజు పేగు ఖాళీ అయ్యేదాకా మందు తాగడం, అరుదుగానైనా పేగుకు చిల్లు పడే ప్రమాదం, అన్నీ డాక్టర్‌గారిని అడిగాను. పాలిప్ కనబడితే అప్పటికప్పుడే తీసేస్తారని విన్నాక, "వెళ్తాను" అన్నాను. అప్పుడే కిట్ తీసుకున్నాను.

పని చిన్నదే. మలం నీళ్లలో పడకుండా కమోడ్‌లో కాగితం పరిచి, పుల్లతో పైపైన నాలుగైదు చోట్ల గీకి, ద్రవమున్న చిన్న సీసాలో పెట్టి బిగించాలి. పుల్ల గాట్లలో పట్టినంత చాలు, ఎక్కువ వద్దు. పైన తేదీ రాయడం మరవకూడదు. పాత రకం పరీక్షల్లోలా తిండికి పథ్యం లేదు.

నెగటివ్ వచ్చింది. మళ్లీ ఎప్పుడో డాక్టర్‌గారు చీటీ మీద రాసిచ్చారు, ఈలోగా రక్తం కనబడితే ఆ తేదీ కోసం ఆగొద్దన్నారు.