బొమ్మ స్టాంపు కొనేముందు కళ్ళు చూడండి

బొమ్మ స్టాంపు అంటే ఇంకు అద్ది కార్డు మీద మనిషి బొమ్మ అచ్చు వేసే స్టాంపు. దాని ప్రాణమంతా మొహంలోనే ఉంటుంది. పరికిణీ అంచు కాస్త తెగినా రంగులో కలిసిపోతుంది. జడ దగ్గర గీత లావుగా పడినా ఎవరూ పట్టించుకోరు. కన్ను ఒక్కటి పూడిపోయిందంటే మాత్రం ఆ కార్డు పక్కన పెట్టాల్సిందే. అందుకే కొనడం, ఇంకు అద్దడం, కడగడం, దాచడం అన్నీ ఆ రెండు కళ్ళని చూసుకునే చెయ్యాలి.

ఎర్ర రబ్బరు స్టాంపుల్ని చెక్కకి అంటించిగానీ, వెనక ఫోమ్ వేసిగానీ అమ్ముతారు. స్వీడన్ కంపెనీ మాగ్నోలియా వాళ్ళ టిల్డా బొమ్మలు ఈ రబ్బరువే. గీత అన్నిటికంటే శుభ్రంగా పడేది దీంతోనే. ఫోటోపాలిమర్ అంటే వెలుతురుతో గట్టిపడే ప్లాస్టిక్ రకం. గాజులా అవతలివైపు కనిపిస్తుంది, యాక్రిలిక్ బ్లాక్‌కి, అంటే గాజులాంటి ప్లాస్టిక్ దిమ్మకి, అంటించి నొక్కితే బొమ్మ ఎక్కడ పడుతుందో పైనుంచే కనిపిస్తుంది. చవగ్గా వచ్చే సిలికాన్ రకం మీద ఇంకు నిలవదు, చెమటబొట్లలా విడిపోతుంది. మొహం ఉన్న బొమ్మకి దాన్ని నేను చచ్చినా కొనను. పాతవి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే బొమ్మ లేని అంచు మీద గోటితో నొక్కి చూడండి. గుంట పడి వెంటనే పైకి లేస్తే రబ్బరు బతికున్నట్టే. గోరు దిగకపోయినా, వంచినప్పుడు సన్నటి పగుళ్ళు కనిపించినా వదిలెయ్యండి. ఎండకీ వేడికీ గట్టిపడిన రబ్బరు మళ్ళీ మెత్తబడదు.

కొత్త స్టాంపు మొదటిసారి సరిగా పడదు. అచ్చులోంచి తీసేటప్పటి జిడ్డు పైన ఉండిపోయి ఇంకుని పట్టనివ్వదు. తెల్ల ఎరేజర్‌తో మెల్లగా రుద్ది, సబ్బునీళ్ళతో కడిగి ఆరబెడితే సరిపోతుంది. శాండ్‌పేపర్‌తో రుద్దమని కొందరు చెబుతారు. పెద్ద పువ్వుకైతే ఫరవాలేదుగానీ కనురెప్పల గీతలు దానికి తట్టుకోలేవు.

ఇప్పుడు ఇంకు సంగతి. కళ్ళు పూడిపోవడానికి ముఖ్య కారణం స్టాంపుని తీసుకెళ్ళి ప్యాడ్‌లో గుద్దడం. పిగ్మెంట్ ప్యాడ్లు, అంటే కరగని రంగుపొడి కలిపిన చిక్కటి ఇంకువి, మెత్తటి స్పాంజివి, నొక్కితే స్పాంజి కంటి గుంటలోకి దిగి అక్కడ ఇంకు నింపేస్తుంది. స్టాంపుని వెల్లకిలా పెట్టి ప్యాడ్‌నే దానిమీద నాలుగైదుసార్లు తేలిగ్గా తట్టాలి. తర్వాత వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి. గీతల తలమీద మాత్రమే మెరుపు ఉండాలి. కంటి లోపల కూడా మెరిసిందంటే టిష్యూ మొనతో అద్ది తీసెయ్యాలి. మొదటి అచ్చు ఎప్పుడూ చిత్తుకాగితం మీదే.

నొక్కేటప్పుడు అరచేతిని చదునుగా ఆనించి మూడు నాలుగు సెకన్లు ఉంచి, నిటారుగా ఎత్తాలి. అటూ ఇటూ ఊపితే బొమ్మ చుట్టూ మురికి అంచు పడుతుంది, కళ్ళు రెండేసి కనిపిస్తాయి. ఫోమ్ వేసిన ఎర్ర రబ్బరుకి గట్టి బల్ల కావాలి. ఫోటోపాలిమర్‌కి కాగితం కింద పాత వారపత్రికో మౌస్ ప్యాడో ఉండాలి, లేకపోతే మధ్యలో తెల్లమచ్చలు పడతాయి.

ఏ ఇంకు అన్నది అచ్చు వేశాక బొమ్మలో మీరు నింపే రంగుని బట్టి ఉంటుంది. ఆల్కహాల్ మార్కర్లకి మెమెంటో లాంటి డై ఇంకు (కరిగిన రంగుతో చేసిన పలచటి ఇంకు) సరిపోతుంది, కానీ దానిమీద వాటర్‌కలర్ వేస్తే గీత కరిగి బుగ్గలు నల్లబడతాయి. వాటర్‌కలర్‌కి వెర్సాఫైన్ లాంటి నూనె ఆధారిత పిగ్మెంట్ ఇంకు వాడాలి. అది కాగితంలోకి ఇంకి ఆరుతుంది కాబట్టి నున్నటి మెరుపు కాగితం మీద ఎంతసేపైనా తడిగానే ఉంటుంది. స్టేజాన్ అనే సాల్వెంట్ ఇంకు గాజుకీ ప్లాస్టిక్‌కీ బాగుంటుంది. దాన్ని తుడిచే సాల్వెంట్‌తో ఫోటోపాలిమర్‌ని పదేపదే తుడిస్తే మాత్రం మసకబారుతుంది. శ్రీకాకుళం, భీమిలి తీరాల వానాకాలపు తేమలో ఎంబాసింగ్ పౌడర్ (తడి ఇంకు మీద చల్లి వేడిచేస్తే కరిగి ఉబ్బెత్తుగా నిలిచే పొడి) చేసే గొడవ వాడినవాళ్ళందరికీ తెలిసిందే. కాగితం చెమ్మగిల్లి బొమ్మ చుట్టూ కూడా పొడి అంటుకుంటుంది. పలచటి గుడ్డలో కాస్త టాల్కం పౌడర్ మూటగట్టి ముందుగా కార్డు మీద అద్దితే పొడి ఇంకు మీదే ఆగుతుంది.

బజారులో వచ్చే బొమ్మలన్నీ గౌనువాళ్ళే. సంక్రాంతి బొమ్మల కొలువు పేరంటం పిలుపులకి ఏటికొప్పాక లక్కబొమ్మో, రొమ్ముమీద తప్పెట కట్టిన తప్పెటగుళ్ళ మనిషో, పరికిణీ వేసుకున్న గుంటో కావాలంటే మనమే గీసి చేయించుకోవాలి. ఆఫీసు సీళ్ళు చేసే రబ్బరు స్టాంపుల షాపుకి వెళ్ళండి, విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఈ పనివాళ్ళకి కొదవలేదు. వాళ్ళ పద్ధతి తెలిస్తే ఏం గీయాలో తెలుస్తుంది. బొమ్మని నెగెటివ్ ఫిల్ముగా తీస్తారు, గీతలున్నచోట మాత్రమే వెలుతురు దాటుతుంది. దానిమీద ద్రవ పాలిమర్ పోసి అల్ట్రావయొలెట్ లైటు పెడితే వెలుతురు తగిలిన మేర గట్టిపడుతుంది, మిగతాది కడిగితే పోతుంది. లైటు తక్కువైతే సన్నగీతలు కడుగులోనే ఊడిపోతాయి. ఎక్కువైతే కంటి తెలుపు లాంటి చిన్న ఖాళీలు మూసుకుపోతాయి. స్టాంపు చేతికి జిగటగా తగిలితే ఆఖరి లైటు చాల్లేదని అర్థం, మళ్ళీ పెట్టమని అడగండి.

కాబట్టి గీత 0.3 మి.మీ. కంటే సన్నగా వద్దు, కంటి తెలుపు కనీసం 1 మి.మీ. ఉండాలి. బూడిదరంగు, నీడలు ఏవీ పెట్టొద్దు, నలుపూ తెలుపే. 10×15 సెం.మీ. కార్డుకి 6 సెం.మీ. ఎత్తు బొమ్మ చక్కగా సరిపోతుంది. అదే సైజులో ప్రింటు తీసి, చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని మొహం తెలుస్తోందో లేదో చూసుకోండి. అక్షరాలు కూడా చేయిస్తే 5 మి.మీ. కంటే చిన్నవి పెట్టొద్దు. ‘ధ’ కింద ఉండే చిన్నగీత ఊడిపోతే ‘ద’ అవుతుంది, ‘పెళ్ళి’లో ళవత్తు ముద్దయిపోతుంది.

తాటాకు బొమ్మల పెళ్ళి జంటకి షాపు కూడా అక్కర్లేదు, ఒంటికి త్రికోణాలూ అడ్డగీతలూ ఉంటే చాలు. పెద్ద ఎరేజర్ మీద ఇంట్లోనే చెక్కుకోవచ్చు. ట్రేసింగ్ పేపర్ మీద 2బి పెన్సిల్‌తో గీసి, బోర్లించి గోటితో రుద్దితే బొమ్మ తిరగబడి ఎరేజర్‌కి దిగుతుంది, అచ్చు మళ్ళీ సరిగ్గా పడుతుంది. బ్లేడు గీత నుంచి బయటికి వాలి ఉండాలి, గీత అడుగు వెడల్పుగా మిగలాలి. లోపలికి కోస్తే నొక్కినప్పుడు గీత పక్కకి పడిపోతుంది. కళ్ళని ఉబ్బెత్తు చుక్కలుగా నిలబెట్టాలని చూడొద్దు, విరుగుతాయి. మొహాన్ని నిండుగా వదిలేసి, ఖాళీ రీఫిల్ మొనతో రెండు గుంటలు గుచ్చితే తెల్లటి కళ్ళు పడతాయి.

పరికిణీకి నిజం గుడ్డ వెయ్యాలంటే పొందూరు ఖాదీ ముక్కని మించింది లేదు. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. 100 కౌంటు దాకా సన్నగా వడికిన ఆ నూలులో ఉండలు తక్కువ, అందుకే సన్నగీత కూడా తెగకుండా పడుతుంది. ముతక ఖాదీ మీద అదే గీత చుక్కలు చుక్కలుగా విరుగుతుంది. ముక్కని ముందు ఉతికి గంజి పోగొట్టాలి, లేకపోతే ఇంకు పీల్చుకోదు. ముక్క వెనకవైపు, టైలర్లు కాలర్లకి వాడే పేస్టింగ్ గుడ్డ ఇస్త్రీతో అంటించి, గుడ్డలకి వాడే పిగ్మెంట్ ఇంకుతో బొమ్మ వేసి, ఒకరోజు ఆరనిచ్చి, ఇస్త్రీ పెట్టాలి. తర్వాత పరికిణీని గీతకి లోపలివైపుగా కత్తిరించి, కార్డు మీద వేసిన బొమ్మకి పలచగా జిగురు రాసి అంటించండి. గీత మీదే కత్తిరిస్తే కార్డు గీతా గుడ్డ గీతా కలిసి అంచు లావుగా కనిపిస్తుంది.

పని కాగానే తడిగుడ్డతో తుడవాలి. కళ్ళ దగ్గర మెత్తటి బేబీ బ్రష్‌తో గుండ్రంగా తిప్పండి, ఎండిన ఇంకు తర్వాత రాదు. ఫోటోపాలిమర్‌కి మిగిలిపోయే రంగు మచ్చతో నష్టమేమీ లేదు. పసుపుపచ్చగా మారడం మాత్రం ఎండ వల్లే, కిటికీ పక్కన పెట్టకండి. పాత సీడీ డబ్బాల్లో ఒక్కో వరస చొప్పున దాచితే ఒకదానికొకటి అంటుకోవు. కొన్న ప్రతి స్టాంపునీ ఒక నోటుబుక్కులో వేసి నంబరు రాసి, అదే నంబరు డబ్బా మీద కూడా రాయండి. రెండేళ్ళ తర్వాత మళ్ళీ అచ్చు వేసి ఆ మొదటి అచ్చు పక్కన పెడితే, కనుబొమ్మ ఎక్కడ అరిగిందో తెలిసిపోతుంది.