కొండపిలో బోర్డో సీసా

ఫిబ్రవరిలో ఒంగోలులో రైలు దిగి టంగుటూరు మీదుగా కొండపి వైపు వెళ్తుంటే దారి పొడవునా పొగాకు బ్యారన్లు, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు, ఎదురవుతూనే ఉంటాయి. ఆ ఆరబెట్టే పని, క్యూరింగు, ముమ్మరంగా సాగే రోజులు కావడంతో, కారు అద్దం దించగానే వెచ్చటి ఆకు వాసన లోపలికి వచ్చేసింది. నేను వెళ్లింది మామయ్యగారి ఇంటికి. ఓడల్లో ఇంజినీరుగా పనిచేసే మా బావ ఫ్రాన్సులో కొన్న లెయోవిల్ బార్టన్ 2010 (ద్రాక్ష పండిన ఏడాది) రెడ్ వైన్ సీసా ఒకటి ఆ రాత్రి తెరవాలని ముందే అనుకున్నాం.

ఈ వైన్ బోర్డో ప్రాంతంలోని మెదోక్‌లో, సాన్ జూలియన్ గ్రామానిది. బోర్డో వైన్లకు 1855లో కట్టిన శ్రేణులలో దీనిది రెండోది. తోట 1826 నుంచి బార్టన్ కుటుంబం చేతిలోనే ఉంది. బోర్డో అనగానే మామయ్య, "మనం నారుమళ్లకు కొట్టే మందు ఊరేనా?" అని అడిగారు. నిజమే. మైలుతుత్తం, సున్నం కలిపి తెగుళ్లకు కొట్టే ఆ బోర్డో మిశ్రమం పుట్టుకకు 1880లలో ఈ సాన్ జూలియన్ చుట్టుపక్కల ద్రాక్షతోటలే కారణం.

2010ని మెదోక్‌లో గొప్ప సంవత్సరాలలో ఒకటిగా లెక్కిస్తారు. పూత సమయంలో వాతావరణం అనుకూలించక మెర్లో రకం ద్రాక్ష కాపు తగ్గింది. ఆపైన వేసవి పొడిగా గడిచినా రాత్రులు చల్లగా ఉండటంతో కబర్నే సొవిన్యోన్ రకం ద్రాక్ష నిదానంగా పండి, తీపితో పాటు పులుపునూ నిలుపుకుంది. అంతకు ముందటి 2009 వేడికి పండిన ఏడాది కాబట్టి ఆ వైన్లు తొందరగా మెత్తబడి అందరినీ మెప్పిస్తాయి. నాకు మాత్రం బిగువున్న 2010 వైన్లే ఇష్టం.

మడ్డి అడుగుకు దిగేలా సీసాను ముందుగానే తెప్పించి, ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచారు. మడ్డి కదలకుండా వైన్‌ను గాజు కూజాలోకి వంచి, గాలి తగలనిచ్చి, గ్లాసుల్లో పోసేసరికి 17 డిగ్రీల దగ్గర ఉండేలా చూసుకున్నాం. మన గది వేడిలో తాగితే ఆల్కహాలు ఘాటు ముక్కుకెక్కి తక్కిన వాసనలన్నిటినీ కప్పేస్తుంది. రంగు నడుమ ఇంకా చిక్కటి ఎరుపే; అంచున మాత్రం ఇటుక ఛాయ అప్పుడప్పుడే మొదలైంది.

మొదట నల్లటి పండ్ల వాసన, దాని వెనుక దేవదారు చెక్క, ఆ తర్వాత పొగాకు. ఈ చివరిది వైన్ పుస్తకాల్లో తరచు కనిపించే మాటే గాని, ఏ పొగాకో చాలావాటిలో చెప్పరు. మామయ్య తాగలేదు, గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు ఆగి, "ఇది బ్యారన్‌లో ఆకు రంగు తిరిగేటప్పటి వాసన కాదురా. అప్పుడు పచ్చి తగులుతుంది. మండె విప్పినప్పుడు వచ్చేది ఇది," అన్నారు. బ్యారన్‌లో ఆరబెట్టిన ఆకును మండెగా, అంటే ఒత్తైన కుప్పగా కట్టి పెడితే పచ్చివాసన పోయి వాసన గుండ్రబడుతుంది. సరిగా పండని కబర్నేలో ఆకుపచ్చ వాసన మిగులుతుంది. పండి, పీపాల్లోనూ సీసాలోనూ ఏళ్లు గడిపిన దానిలో అది ఉండదు. ఆకు చూసి గ్రేడు కట్టే మనిషి ఈ తేడాను ఒక్క వాసనతో పట్టేశారు.

నోట్లో పులుపు చురుగ్గా ఉంది, రుచి చాలాసేపు నిలిచింది. వగరునిచ్చే టానిన్లు మాత్రం నేరేడు పండు తొక్కలా నాలుకను పట్టుకున్నాయి. అత్తయ్య చేసిన కొరమీను పులుసుతో తాగితే కారానికి ఆ వగరు ఇంకా పెరిగి, చేపతో కలిసి ఇనుము రుచి వచ్చింది; పులుసు కూడా చెడింది. మిరియాలు తగ్గించి, మెత్తగా ఉడికించి వేయించిన వేటమాంసంతో అదే వైన్ ఒదిగిపోయింది. కొవ్వూ మాంసమూ వగరు పదును తగ్గించాక పండు రుచి పైకి తేలింది.

కూజా అడుగున మిగిలిన దాన్ని మర్నాడు ఉదయం మళ్లీ రుచి చూశాను. వగరు కొంత తగ్గింది గాని పండు వాడలేదు. ఒక్క రాత్రి గాలికే చదునుపడే వైన్ కాదిది. నా అంచనాలో ఇది ఇంకా పది, పదిహేనేళ్లు నిలుస్తుంది. బావ దగ్గర ఇదే ఏడాది సీసా మరొకటి ఉంది. దాన్ని 2035 దాకా తెరవవద్దని ఫోన్‌లో చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, వచ్చే సంక్రాంతికే అంటున్నారు.