కనపడని దెబ్బకి కోర్టులో ఐదేళ్లు

మా ఆయన టైలరు. తెనాలిలో చిన్న షాపు ఉండేది. 2018 నవంబరులో ఓ రాత్రి షాపు కట్టేసి బండి మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. తలలో రక్తం గడ్డకట్టిందని ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. పుర్రె ఎముక ముక్క తీసి పొట్ట చర్మం కింద దాచారు, మూడు నెలల తర్వాత మళ్లీ అతికించారు. కుట్లు మానాయి, జుట్టు వచ్చింది. చూసినవాళ్లంతా "దేవుడి దయ, మామూలు మనిషి అయిపోయాడమ్మా" అనేవారు.

అవ్వలేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. ఆయన పక్కనే కూర్చుని ఉన్నారు. నేను పెరట్లోంచి వచ్చేసరికి ఇల్లంతా గ్యాస్ కంపు, ఆయనకి తెలియనే లేదు. మెదడు ముందు భాగం దెబ్బతింటే వాసన పోవచ్చని, ఆ మతిమరుపూ కోపమూ కూడా అందువల్లేనని డాక్టరు గారు చెప్పారు. మెడలో టేపు వేసుకుని కొలత తీసేవారు, రాసేలోపు మర్చిపోయేవారు. జాకెట్టు గుడ్డ పాడైందని ఒకావిడ అడిగితే, ఎన్నడూ గొంతు పెంచని మనిషి కత్తెర విసిరికొట్టారు. ఆ రోజుతో షాపు మూతపడింది.

ఆయన ఇంకా ఐసీయూలో ఉండగానే ఒకతను వచ్చి ఖాళీ వకాలత్ కాగితం (మన తరఫున కేసు నడపమని లాయరుకి ఇచ్చే అనుమతి) చేతిలో పెట్టి, "సంతకం పెట్టమ్మా చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. పెట్టలేదు. ఆ ఒక్క పని చేసినందుకు ఇప్పటికీ సంతోషమే. తర్వాత మా మరిదికి తెలిసిన ప్లీడరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు ఎఫ్ఐఆర్ చూశారు. అందులో మామూలు దెబ్బలన్నట్టు 337 సెక్షన్ ఉంది. ఆసుపత్రి నుంచి వూండ్ సర్టిఫికెట్ (ఏ గాయాలు ఎంత తీవ్రమో రాసిన కాగితం) తెప్పించి పోలీసులకి ఇస్తే, తీవ్ర గాయాలకి పెట్టే 338గా మార్చారు. 2019లో మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో కేసు వేశాం. మా ఆయన కేసు సొంతంగా నడుపుకోలేరు కాబట్టి ఆయన తరఫున నేనే. అప్పట్లో గడువు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు పెట్టారు, కాబట్టి ఇప్పుడు ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్లు ఆసుపత్రి పనులు అయ్యాక చూద్దామని ఆగకండి.

ప్లీడరు గారు చెప్పిన ఇంకో మాట మా కేసుని నిలబెట్టింది. "అమ్మా, కాలు పోతే జడ్జి గారికి కనిపిస్తుంది. ఇది కనిపించదు. రోజూ ఏం జరుగుతుందో తేదీ వేసి రాయండి." పిల్లల పాత లెక్కల నోట్‌బుక్‌లో మిగిలిన పేజీల్లో మొదలుపెట్టాను. "పొద్దున మాత్ర వేసుకుని మళ్లీ అడిగారు." "పక్క వీధిలో దారి తప్పారు." రాస్తుంటే ఆయన మీద చాడీలు రాస్తున్నట్టు ఉండేది, చాలాసార్లు ఏడ్చాను.

కోవిడ్‌తో వాయిదాలే వాయిదాలు. మధ్యలో లోక్ అదాలత్‌లో లారీ ఇన్సూరెన్స్ వాళ్లు నాలుగు లక్షలకి రాజీ అన్నారు. ఆసుపత్రి బిల్లులే అంతకంటే ఎక్కువ. వద్దన్నాం.

2022లో కోర్టులో నన్ను క్రాస్ చేశారు, అంటే నా సాక్ష్యం మీద ఎదుటివాళ్లు ప్రశ్నలు వేశారు. "మీ ఆయన ఇవాళ తన కాళ్ల మీద తనే నడిచి వచ్చారా?" అని వాళ్ల లాయరు అడిగారు. వచ్చారన్నాను. "మాట్లాడతారా, భోజనం సొంతంగా చేస్తారా?" అవునన్నాను. ఉన్నదే చెప్పాలి కదా. నా గొంతు ఆరిపోయింది. అప్పుడు జడ్జి గారే ఆయన్ని ముందుకి పిలిచి, పొద్దున ఏం తిన్నారని అడిగారు. "ఇడ్లీ అండీ" అన్నారు నవ్వుతూ. మేం ఆ రోజు ఏమీ తినకుండానే బస్సెక్కాం. ఇంటికి ఏ బస్సులో వెళ్తారంటే, నా వైపు చూశారు. జడ్జి గారు ఏదో రాసుకున్నారు.

మెడికల్ బోర్డు వైకల్యం 45 శాతమే ఇచ్చింది. కానీ ఒంటికి ఎంత వైకల్యం అన్నది ఒకటి, దానివల్ల సంపాదన ఎంత పోయిందన్నది వేరొకటి. ఈ సంగతి 2010లోనే రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. టైలరుకి కొలత గుర్తుండకపోతే ఇంకేం పని మిగిలింది? ఆపరేషన్ చేసిన డాక్టరు గారు సాక్ష్యానికి వచ్చి ఇదే వివరించారు. జడ్జి గారు నా నోట్‌బుక్ కూడా చూశారు. సంపాదన నష్టం 70 శాతంగా తీసుకున్నారు.

జీతం స్లిప్పులు ఉండవు కదా, షాపు అద్దె రసీదులు, మిషన్ లోను కాగితాలు పెట్టాం. నెలకి 18 వేలు వచ్చేదని చెప్పినా 10 వేలే ఒప్పుకున్నారు. నాకు అది అన్యాయమే అనిపించింది. నలభై లోపు వయసు కాబట్టి ముందుముందు పెరిగే సంపాదన కింద దానికి 40 శాతం కలిపి, ఏడాదికి లెక్కగట్టి, ప్రమాదం నాటికి ఆయనకి 38 ఏళ్లు కాబట్టి 15తో హెచ్చవేసి, అందులో 70 శాతం తీసుకున్నారు. సంపాదన కింద 17,64,000. బిల్లులూ మిగతావీ కలిపి మొత్తం 26,10,000, కేసు వేసిన రోజు నుంచి వడ్డీ. ఇది 2023 చివర్లో.

ఇన్సూరెన్స్ కంపెనీ హైకోర్టుకి వెళ్లింది. సగం డిపాజిట్ చేయించారు, అందులో కొంత తీసుకుని అప్పులు తీర్చాం, మిగతాది ఆయన పేర ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది. అప్పీలు ఇంకా నడుస్తోంది.

నోట్‌బుక్ మాత్రం ఆపలేదు, ఇప్పుడు మూడోది. నిన్నటి పేజీలో ఇలా రాశాను: "దిండు గలీబులు రెండు కుట్టారు. రెండూ ఒకే కొలత."