మూఢంలోకి పోతున్న శుక్రుడు

మూఢం వస్తోందంటే మా ఫోటో స్టూడియోలో ఫ్యాన్ కింద కూర్చోవడమే పని. పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు. హన్మకొండలో పదిహేనేళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నా. శుక్ర మూఢం ఎప్పుడో కరెంటు బిల్లు కన్నా ముందే గుర్తుంటుంది నాకు. కానీ ఆ శుక్రుడి వైపు తల ఎత్తి చూసింది మాత్రం 2025 మార్చిలోనే.

మార్చి 1న సాయంత్రం మా వీధిలో సగం డాబాల మీద జనం, రంజాన్ నెలవంక కోసం. పక్కింటి చాచా "తమ్మీ, నీ పెద్ద లెన్స్ పట్కరా" అంటే 300 ఎంఎం తీసుకొని ఎక్కాను. నెలవంక దొరికింది, దారప్పోగులా ఉంది. దానికి కాస్త పైన జిగేల్మంటున్న చుక్క వైపు కెమెరా ఊరికే తిప్పాను. స్క్రీన్ మీద తెల్లటి ముద్ద! ఐఎస్ఓ (కెమెరా వెలుగు పట్టే జోరు) 100కి దించి, షట్టర్ సెకనులో వెయ్యో వంతుకి తెచ్చి, మళ్లీ తీసి జూమ్ చేశా. చుక్క కాదు, వంక. పదిహేను ఇరవై పిక్సెళ్లే, కానీ ఒంపు స్పష్టంగా ఉంది. చాచాకి చూపిస్తే "ఇంకో చాంద్ ఎక్కడిదిరా?" అన్నాడు. ఆ రోజు అసలు చంద్రుడే శుక్రుడి కన్నా సన్నగా ఉన్నాడు.

ఆ రాత్రి కూర్చొని చదివాను. శుక్రుడు మనకీ సూర్యుడికీ మధ్యకు వస్తున్నాడట, మార్చి 23కి. దగ్గరికి వచ్చేకొద్దీ సైజు పెరుగుతుంది, కానీ వెలుగు పడే వైపు అవతలికి తిరుగుతుంది కాబట్టి వంక సన్నబడుతుంది. మార్చి మొదట్లో ఏడో వంతు వెలుగు. ఇదే చూసి 1610 చివర్లో గెలీలియో, శుక్రుడు సూర్యుడి చుట్టే తిరుగుతున్నాడని తేల్చుకున్నాడు. నేను మాత్రం పంచాంగంలో మూఢం అంటే ఏంటో తేల్చుకున్నా: సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనబడకుండా పోవడం. ఇట్లా మన వైపు వచ్చినప్పుడు కొన్ని రోజులే. సూర్యుడి అవతల నుంచి పోయినప్పుడు, 2025 నవంబర్ చివర నుంచి 2026 ఫిబ్రవరి దాకా మా దుకాణం ఎండిపోయిందే, అట్లా నెలలు.

మూఢం లోపే అని ఆ వారం మూడు పెళ్లిళ్లు. పరకాల దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. పిల్లను రెడీ చేయడానికి ఇంకో అరగంట అన్నారు. నేను గేటు బయటికి వచ్చి పడమర చూశా. పొద్దు పూర్తిగా దిగింది (సూర్యుడుండగా లెన్స్ అటు తిప్పొద్దు, కన్ను పోతుంది), ఆకాశం ఇంకా నారింజ రంగులోనే ఉంది. చీకటి పడితే మెరుపు ఎక్కువై వంక కనబడదు, అందుకే ఆ వేళే మంచిది. ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది. మాన్యువల్‌లో పెట్టి, జనరేటర్ వ్యాన్‌కి మోచెయ్యి ఆనించి, ముప్పై ఫోటోలు కొట్టా. రెండు పనికొచ్చాయి. మార్చి 1 నాటిదాని కన్నా పెద్ద వంక, కానీ కత్తిరించిన గోటి ముక్కంత సన్నం. ఒంపు కిందికి, పొద్దు గుంకిన వైపే.

అటు తర్వాత మబ్బు. 15 దాటాక నాకు మళ్లీ దొరకలేదు.

ఏప్రిల్‌లో శుక్రుడు వేగుచుక్కగా కనబడ్డాక గానీ అసలు గొడవ తెలియలేదు. పరకాల పెళ్లి ఫోటోలు సెలక్షన్‌కి పంపాను కదా, ఆ ముప్పైనీ అదే కార్డులో ఉంచేశాను. పెళ్లికూతురు వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

"తమ్మీ, నడుమ అన్నీ నల్ల ఫోటోలే ఉన్నయేంది? ఒక్కదాంట్ల తెల్ల గీత ఉంది."

"శుక్రుడక్కా అది. మూఢంల పోతున్నడు."

అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"ఆల్బమ్ల మాత్రం పెట్టకు నాయినా."