అగ్గిపెట్టెల మీద స్లైడు

నేను రిటైరైన ఏడు కాలేజీ లాబ్‌లో పారేయబోతున్న మైక్రోస్కోపు గాజు స్లైడ్ల పెట్టె ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకి చూపించిన స్లైడ్లవి. నమూనాని గాజుకి అంటించే జిగురు, కెనడా బాల్సం, పసుపు తిరిగింది, కొన్నింట్లో బుడగలు చేరాయి. అవి పూర్తిగా పాడవకముందే ఫొటోలు తీసి దాచాలని మొన్న కోఠీలో చేతిలో ఇమిడే డిజిటల్ మైక్రోస్కోపు కొన్నాను.

మొదటిరోజు ఏమీ కనపడలేదు. దీని లైట్లు లెన్సు చుట్టూ ఉండి పైనుంచి పడతాయి. ఆకుకీ, చీర నేతకీ అది చాలు. స్లైడుకి వెలుగు కిందనుంచి రావాలి, లేకపోతే నమూనా మీద కప్పిన పలచటి గాజు ముక్క, కవర్ స్లిప్, అద్దంలా మెరిసి ఆ లైట్లే కనిపిస్తాయి. ఫోన్‌లో తెల్ల తెర పెట్టి దానిమీద స్లైడు ఉంచితే తెర గళ్లు కూడా ఫొటోలో పడ్డాయి. చివరికి ఫోన్ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, అటూ ఇటూ రెండు అగ్గిపెట్టెలు నిలబెట్టి, వాటిమీద స్లైడు ఆనించాను. అప్పుడు కుదిరింది.

డబ్బా మీద 1000 రెట్లు అని ఉంటుంది. అది తెరమీద బొమ్మ సైజు లెక్క, వివరం లెక్క కాదు. రక్తంలో మలేరియా క్రిమిని చూడాలంటే లాబ్ మైక్రోస్కోపులో నూనె చుక్క వేసి చూసే 100ఎక్స్ (వంద రెట్ల) లెన్సు కావాల్సిందే. దీంతో కాదు.

స్లైడు మొత్తం ఒక్క ఫొటోలో పట్టదు. స్కేలుకి ఆనించి కొంచెం కొంచెం జరుపుతూ, ప్రతి ఫొటోలో ముందుదాని మూడోవంతు మళ్లీ వచ్చేలా తీసి లాప్‌టాప్‌లో అతికించాను. మధ్యలో ఎత్తుగానీ వెలుగుగానీ మార్చకూడదు. ఫ్యాను గాలికి కాగితం కదులుతుంటే ఫ్యానూ ఆపేశాను.

లేబుల్ ఊడిపోయిన దోమ స్లైడుకి 14 ఫొటోలు పట్టాయి. అతికాక చూస్తే మీసాలకి వెంట్రుకలు పలచగా ఉన్నాయి, అంటే ఆడదే. తొండానికి ఇరుపక్కలా ఉండే పాల్పులు, అంటే తడిమి చూసే అవయవాలు, సరిగ్గా తొండమంత పొడుగు! క్యూలెక్స్ అనే ఇంకో రకం దోమల్లో ఆడదానికైతే పొట్టిగా ఉంటాయి. ఇది మలేరియాని మోసే రకం, అనాఫిలిస్. 1897 ఆగస్టు 20న మన బేగంపేటలో బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని చూసింది అనాఫిలిస్ పొట్ట గోడలోనే. కోసిపెట్టిన దోమలు గాలికి చెదిరిపోతాయని ఆయన పంకా ఊపనివ్వలేదట. చెమట తుడుచుకుంటూ తెర ముందు చాలాసేపు కూర్చుండిపోయాను.

పక్కింటి పాప వచ్చి, "అమ్మమ్మా, ఇది మనల్ని కుట్టేదేనా?" అంది. ఔనని తొండం చూపించాను. కొత్త లేబుల్ దానిచేతే రాయించాను: అనాఫిలిస్, ఆడ. ఇంకా 61 స్లైడ్లున్నాయి. రేపు హైడ్రా అనే చిన్న నీటి జీవి.